చేతులు కడుక్కునే చోట ఒక చిత్రం

తెలుక్ ఇంతాన్ పట్టణంలో, వాలు గోపురానికి నడక దూరంలో ఉన్న ఒక అరటాకు భోజనశాల గోడల మీద ఆరు నెలలుగా పద్నాలుగు చిత్రాలు వేలాడుతున్నాయి. అన్నీ చేత్తో వేసినవే, అచ్చు పటాలు కావు. వేసినవారు మన తెలుగు స్త్రీ. బాగాన్ దాతు ప్రాంతపు కొబ్బరి తోటలో పుట్టి పెరిగి, ఆసుపత్రిలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. వయసు డెబ్బైకి దగ్గర. తమ పేరు వేయవద్దని వారు కోరినందువల్ల వేయడం లేదు. భోజనశాల పేరు కూడా రాయను. దాని గోడలను గురించి కొన్ని కటువైన మాటలు చెప్పవలసి ఉంది. వాటి వల్ల ఒకరి వ్యాపారానికి నష్టం రాకూడదు. ఊరివారికి ఎలాగూ తెలుస్తుంది.

ముందుగా ఒక మనవి. చిత్రకళలో నాకు శిక్షణ లేదు. బడిలో లెక్కలు చెప్పుకునే నాకు, మరెవరూ లేరని, వారానికి రెండు పీరియడ్ల చిత్రలేఖనం అంటగట్టారు. అలా పద్దెనిమిదేళ్ళు పిల్లల బొమ్మలను గోడలకు అంటించి అంటించి, ఏ బొమ్మ ఎక్కడ పెడితే నలుగురూ చూస్తారో, ఎక్కడ పెడితే ఎవరూ తలెత్తరో కొంత తెలిసింది. ఆ తెలివే ఈ వ్యాసానికి పెట్టుబడి. నా తెలుగు కూడా సంఘంవారి ఆదివారపు తరగతుల్లో పెద్దయ్యాక నేర్చుకున్నదే. తప్పులుంటే పెద్దలు సవరించగలరు.

మన తోటల లైను ఇళ్ళలో బొమ్మ అంటే కేలండరే. కిరాణా కొట్టువాడు ఏడాదికొకటి ఇచ్చేవాడు. సంవత్సరం అయిపోయినా అమ్మవారి బొమ్మను పారవేయలేక కింది తేదీల కాగితాలు మాత్రం చింపి, బొమ్మను పటం కట్టించుకునేవారు. ఆ బొమ్మల వంశం వెతుక్కుంటూ పోతే, 1894లో బొంబాయిలో రవివర్మ పెట్టించిన అచ్చుశాల దగ్గరకు చేరుతుంది. అచ్చు బొమ్మను నేను చిన్నచూపు చూడడం లేదు. మా తెలుగు తరగతిలో పాత చందమామలు ఒక పెట్టెడు ఉండేవి. అక్షరాలు కూడబలుక్కోలేని రోజుల్లో కూడా వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాల కోసం వాటిని తిరగేసేవాణ్ణి. ఆయనది శ్రీకాకుళం. మా తాతగారు ఓడ ఎక్కింది కూడా ఆ జిల్లా నుంచే. అందువల్ల ఆ బొమ్మల్లోని కొండలూ పొలాలూ మావే అనుకుని చూసేవాణ్ణి. కాని అసలు చిత్రానికీ అచ్చుకూ తేడా ఏమిటో నాకు నలభై దాటాక గాని తెలియలేదు. ఇండియా వెళ్ళినప్పుడు రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి పేర ఉన్న చిత్రశాలకు వెళ్ళాను. ఆయన 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే పోయినవారు. అక్కడ ఒక చిత్రానికి దగ్గరగా నిలబడితే కుంచె ఆగిన చోట రంగు గట్టుకట్టిన అంచు కనపడింది. ఇక్కడ ఒక మనిషి చెయ్యి ఆపి ఆలోచించాడు అని తెలిసింది. కేలండరులో ఆ సంగతి తెలియదు.

మన పక్క ఊళ్ళలో చిత్రశాల లేదు. 1958లో పెట్టిన జాతీయ చిత్రశాల కౌలాలంపూరులో ఉంది. అక్కడికి వెళ్ళిన తోట మనుషులు నాకు తెలిసి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కనుక భోజనశాల యజమాని తన గోడలు ఇస్తాననడం చిన్న విషయం కాదు. ఆయన అద్దె అడగలేదు. అమ్ముడుపోతే వాటా కూడా అక్కరలేదన్నారు. ఈ మాట ముందే చెప్పి, ఇక ఆయన గోడల మీదికి వస్తాను.

తలుపు తీయగానే ఎదురుగా ఉన్న పెద్ద గోడకు నాలుగు పెద్ద చిత్రాలు ఉన్నాయి. అన్నీ కాన్వాసు మీద ఎక్రిలిక్ రంగులతో వేసినవి. ఒకటి గుడి గోపురం. ఒకటి కొబ్బరిచెట్ల వెనుక సూర్యాస్తమయం. ఒకటి పూర్ణకుంభం. నాలుగోది మన వాలు గోపురం. 1885లో నీళ్ళ తొట్టెగా కట్టిన ఆ గోపురం పాపం తనంతట తానే కొంచెం పక్కకు ఒరిగింది. చిత్రంలో మాత్రం ఇంకో అరగంటలో పడిపోయేటట్టు ఉంది. టూరిస్టుల కోసం అలా వంచారట. ఈ నాలుగింటినీ ఎంచి ముందు పెట్టింది యజమాని. గోడ రంగుకు కలిశాయని పెట్టారు. చిత్రకారిణి చేతిలో ఉన్న బలం ఈ నాలుగింటిలో ఒక్కదానిలోనూ లేదు. సూర్యాస్తమయంలోని ఎరుపు సీసాలోంచి వచ్చిన ఎరుపే. దానిలో ఇంకేమీ కలపలేదు. గోపురం మీది బొమ్మలకు ముఖాలు లేవు. లేకపోతే పోనీ, లేకపోవడానికి కారణమైనా కనపడాలి కదా.

పక్క గోడ మీది ఆరు చిత్రాలు నీటిరంగువి, చిన్నవి. ఇవి ఎక్కువ మంచివి, కాని వీటిని చూడాలంటే భోజనం మానేసి నిలబడాలి. చిత్రశాలల్లో నిలబడి చూసేవారి కోసం చిత్రం నడిమి భాగం సుమారు నూటయాభై సెంటీమీటర్ల ఎత్తున ఉండేటట్టు తగిలిస్తారు. కుర్చీలో కూర్చున్నవారి కన్ను దానికన్నా ఒక అడుగు కింద ఉంటుంది. ఇక్కడ మేకులు మనిషి తల కన్నా ఎత్తున కొట్టారు. యజమానిని అడిగితే, "పిల్లకాయలు పులుసు చేతుల్తో ముట్టుకుంటారు సిక్గూ" అన్నారు. అది న్యాయమే. కాని పైన ట్యూబులైటు ఉంది. అద్దంలో ఆ లైటు తెల్లని గీతలా పడి, సరిగ్గా చిత్రం మధ్యను కోస్తుంది. రామభజన మందిరం చిత్రంలో నాకు ఆరుసార్లు వెళ్ళినా ధ్వజస్తంభం కనపడలేదు. ఏడోసారి వెళ్ళినప్పుడు కరెంటు పోయింది, అప్పుడు కనపడింది.

ఆ మందిరం చిత్రం గురించి రెండు మాటలు. మన పూర్వులు తోటతోటకూ భజన మందిరం కట్టుకున్నారు. చిత్రంలో ఉన్నది శుభ్రంగా సున్నం వేసిన మందిరం. ముందు ఒక్క మనిషి లేడు, చెప్పుల జత కూడా లేదు. భజన ఎక్కడ? ఇలా ఖాళీ చేసి వేయడం ఆమెకు ఒక అలవాటు. మనుషులను వేసినప్పుడు మరొక ఇబ్బంది. ఉగాది చిత్రంలో ఎనిమిదిమంది స్త్రీలు ఉన్నారు. ఎనిమిదిమందికీ ఒకటే ముఖం, అదీ కేలండరు లక్ష్మి ముఖం. ఆ ముక్కు, ఆ కళ్ళు మన లైనుల్లో ఎవరికీ లేవు. ఈ మాట ఆమెతోనే అన్నాను. ఆమె నవ్వి, "నేను నేర్చుకున్నది ఆ బొమ్మలు చూసే కదా" అన్నారు.

పటం కట్టిన తీరు గురించి కూడా రాయాలి. మన వాళ్ళు చిత్రాలు వేయడం మొదలుపెడుతున్నారు గనుక ఇది కొందరికైనా పనికివస్తుంది. మన దేశపు గాలిలో ఏడాది పొడుగునా చెమ్మే. కాగితం ఆ చెమ్మను పీల్చుకుంటుంది. చిత్రాన్ని అద్దానికి ఆనించి బిగిస్తే లోపల చెమటపట్టి, రంగు అద్దానికి అంటుకుంటుంది; తరువాత బూజు పడుతుంది. అందుకే చిత్రం చుట్టూ మందపాటి అట్ట చట్రం పెట్టి, అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉంచుతారు. ఆ అట్ట ఆమ్లం లేనిది అయి ఉండాలి. మామూలు అట్ట అయితే కొన్నేళ్ళలో దాని అంచు వెంట కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఇక్కడి ఆరింటిలో రెండింటికి అప్పుడే ఆ గీత మొదలైంది. వెనుక అంటించింది మామూలు జిగురు టేపు. అది ఎండి ఊడిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. పల్చని కాగితపు ముక్కలకు గంజి రాసి పైఅంచున రెండు చోట్ల మాత్రమే అంటిస్తే, చిత్రం చెమ్మకు సాగినా కుదించుకున్నా చిరగదు, కావాలంటే తీయనూ వచ్చు. పటం వెనుక కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు పెడితే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. దీనికి ఖర్చు లేదు. అవి లేనందువల్ల ఇక్కడి పటాల వెనుక బల్లులు కాపురం పెట్టాయి.

కాన్వాసులకు అద్దం అక్కరలేదు కాని, వంటింటి తలుపు పక్కన ఉన్నదాని మీద నూనె జిడ్డు పేరుకుంటోంది. దానికి దుమ్ము అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచారని విని నాకు గుండె ఆగినంత పనైంది.

ఇక అసలు చిత్రానికి వస్తాను. అది ముందు గోడ మీద లేదు, పక్క గోడ మీదా లేదు. వెనుక, చేతులు కడుక్కునే తొట్టి పైన, సబ్బునీళ్ళ సీసా పక్కన ఉంది. అక్కడ పెట్టడానికి కారణం మిగతా చోట్లు నిండిపోవడమే. నీటిరంగు; నిలువు రెండు అడుగులు, వెడల్పు అడుగున్నర. కొబ్బరి ఎండబెట్టే కొట్టు లోపలి దృశ్యం. ఐదుగురు స్త్రీలు పగలగొట్టిన చిప్పల గుట్ట చుట్టూ కూర్చుని, వంపు కత్తులతో కొబ్బరి పెళ్ళగిస్తున్నారు. వెనుక బట్టీ. బట్టీలో కాలుతున్నది కూడా కొబ్బరి చిప్పలే; ఆ పొగ తెల్లగా కాక, కొంచెం పసుపు కలిసిన బూడిదరంగులో, రేకుల కప్పు కిందకు చేరి అక్కడ ఆగిపోయింది. పొగను ఆమె వేయలేదు. చుట్టూ రంగు వేసి పొగ ఉన్న చోట కాగితాన్ని వదిలేసి, తడిగా ఉండగానే ఒక్కసారి కుంచెతో లాగారు. అలా లాగడానికి చెయ్యి వణకకూడదు, రెండోసారి దిద్దకూడదు.

ఇందులోని స్త్రీలకు లక్ష్మి ముఖం లేదు. అసలు ముఖాలే సరిగా కనపడవు, తలలు వంచి ఉన్నారు. కనపడేది మెడలు, వీపులు, కత్తి పట్టిన మణికట్లు. ఒక్కొక్క వీపు ఒక్కొక్క తీరుగా ఉంది. ఎడమవైపు కూర్చున్న ఆవిడ ఎడంకాలు చాపుకుంది. ఆ కాలికి నొప్పి ఉన్నదని చూసేవారికి తెలిసిపోతుంది. మధ్య ఉన్న ఆమె తల ఎత్తకుండానే పక్కామెతో ఏదో అంటోంది. కుడిమూల గోనెసంచి మీద ఒక చిన్నపిల్ల కూర్చుని కొబ్బరి ముక్క కొరుకుతోంది. ఎనిమిది లక్ష్ములు వేసిన చెయ్యి, ఈ ఐదు వీపులు వేసిన చెయ్యి ఒకటేనా అని నాకు మొదట అనుమానం వచ్చింది. అక్కడ చూసి నేర్చుకున్నది వేశారు, ఇక్కడ పక్కన కూర్చుని ఉన్నది వేశారు. ఆ పిల్ల తానేనా అని నేను అడగలేదు.

మిగతా అన్నిటికీ పేర్లు ఇంగ్లీషులోనూ మలాయిలోనూ ఉన్నాయి. దీనికి ఒక్కదానికే తెలుగులో ఉంది: "కొబరి కొట్టు" అని. నేను సిగ్గుపడుతూ చెప్పవలసిన విషయం ఇది. మొదటిసారి ఆ చిత్రం ముందు నిలబడినప్పుడు నేను చూసినది చిత్రాన్ని కాదు, బకారం కింద లేని ఒత్తును. జేబులో ఎర్ర పెన్సిలు ఉంది. చెయ్యి అటు పోయింది కూడా. తరువాత ఆమెను కలిసినప్పుడు మొదట మాట్లాడినది కూడా ఆ ఒత్తు గురించే. ఆమె ఏమీ నొచ్చుకోలేదు. "నాకు అక్షరాలు రావు సిక్గూ. మనవరాలు రాసింది. మీ తరగతిలో పిల్లే కదా" అన్నారు. ఇక మాట్లాడడానికి ఏముంది? కాగితం అప్పటికీ ఇప్పటికీ అలాగే ఉంది. దిద్దించవద్దని నేనే చెప్పాను.

తొట్టిలోంచి చిందే నీళ్ళు పటం కింది పట్టె మీద పడుతున్నాయి. అద్దానికీ పట్టెకూ మధ్య సందులోంచి తడి లోపలికి పోయి, కింది అంచున అర అంగుళం మేర గోధుమరంగు చార కట్టింది. అది చిప్పల గుట్ట అడుగుదాకా వచ్చింది. ఇది చూసి నేను యజమాని దగ్గరకు వెళ్ళి కొంచెం గట్టిగానే అన్నాను: ఉన్నవాటిలో మంచి చిత్రాన్ని తీసుకువెళ్ళి తొట్టి మీద పెట్టారు, పడిపోయే గోపురాన్ని ముందు పెట్టారు, మార్చండి అని. ఆయన మంచివారు, ఆ సాయంత్రమే మార్చారు. కొబ్బరి కొట్టు ముందు గోడకు వచ్చింది. గోపురం తొట్టి మీదికి పోయింది.

మూడు వారాలు అలా ఉంది. ఆ మూడు వారాల్లో నేను ఐదుసార్లు వెళ్ళి, చాలాసేపు టేతారిక్ తాగుతూ కూర్చుని గమనించాను. ముందు గోడ దగ్గర ఒక్కరూ ఆగలేదు. ఆగరు. తలుపు తీసినవాడు ఖాళీ బల్ల కోసం చూస్తాడు, ఆకు పడ్డాక ఆకు వంక చూస్తాడు, లేచేటప్పుడు బిల్లు వంక చూస్తాడు. మనిషి పని ఏమీ లేకుండా గోడకు ఎదురుగా నిలబడే చోటు ఆ భోజనశాలలో ఒకటే, చేతులు కడుక్కునే తొట్టి. ముందు వరస ఉంటుంది. నిలబడాలి. చేతిలో ఎంగిలి ఉంది గనుక ఫోను తీయడానికి లేదు. కళ్ళు ఎక్కడో ఒకచోట ఆనాలి. పద్దెనిమిదేళ్ళ అనుభవం అని గొప్పగా రాసుకున్నాను కదా, ఈ సంగతి నాకు తట్టలేదు. బడిలో కూడా పిల్లలు బాగా చూసిన బొమ్మలు నీళ్ళ కుళాయి దగ్గర అంటించినవే.

చిత్రం తొట్టి మీద ఉన్న రోజుల్లో నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. హుతాన్ మెలింతాంగ్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన చేతులు కడుక్కుని, కుళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయాడు. వెనుక వరసలో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన కొడుకు కాబోలు, పిలిచాడు. ఆయన కదలలేదు. "మాయమ్మ కోకలో ఈ పొగ కంపు ఉండీది" అన్నాడు, ఎవరితోనూ కాదు. వెనుక నిలబడిన చీనా యువకుడు ఒకడు ఏమిటని మలాయిలో అడిగితే, ముసలాయన తడి వేలితో అద్దం మీద చూపిస్తూ, ఎవరు ఎక్కడ కూర్చునేవారో, పిల్లలు ఎక్కడ పడుకునేవారో మలాయిలో చెప్పాడు. ఆ వేలి నుంచి కారిన నీటి చుక్క కూడా కింది పట్టెలోకే పోయింది.

మార్క్ రోత్కో అనే పేరు పొందిన అమెరికన్ చిత్రకారుడు 1958లో న్యూయార్కులోని ఫోర్ సీజన్స్ అనే ఖరీదైన భోజనశాలకు పెద్ద చిత్రాలు వేయడానికి ఒప్పుకున్నాడు. తరువాత అక్కడ భోజనానికి వెళ్ళి, ఆ గదినీ ఆ తినేవారినీ చూసి, డబ్బు తిరిగి ఇచ్చేసి తన చిత్రాలు తనే ఉంచుకున్నాడు. వాటిలో తొమ్మిది 1970లో లండనులోని టేట్ గాలరీకి చేరాయి. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. అక్కడ తినేవారికీ ఆ చిత్రాలకూ ఏ బాంధవ్యమూ లేదు. మన భోజనశాలలో చేతులు కడుక్కునేవారు ఆ చిత్రంలో ఉన్నవారి కొడుకులూ మనవరాళ్ళూ. కొబ్బరి తోటలు చాలాచోట్ల ఆయిల్ పామ్ తోటలయ్యాయి. ఆ కొట్టు ఇప్పుడు లేదు, దాని ఫోటో కూడా ఎవరి దగ్గరా నాకు కనపడలేదు.

మూడు వారాల తరువాత చిత్రాన్ని మళ్ళీ తొట్టి దగ్గరకే మార్చమని అడగడానికి వెళ్ళినప్పుడు యజమాని నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను. మార్చారు. ఈసారి ఒక జానెడు పైకి తగిలించారు. ఒక పటాల దుకాణంలో అద్దం అంచు చుట్టూ టేపు వేసి మూయించాం, వెనుక బిరడా ముక్కలు పెట్టించాం, పాత అట్ట తీసి మంచి అట్ట వేయించాం. దీనితో చార ఆగుతుందా? కొంతకాలం ఆగుతుంది. తొట్టి పక్క గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నీటిరంగు కాగితానికి అది చోటు కాదు. ట్యూబులైటు వెలుగుకు ఆ పసుపు బూడిదరంగు పొగ కూడా ఏటికేడు పలచబడుతుంది.

అందువల్ల నేను ఒక మధ్యేమార్గం చెప్పాను. చిత్రానికి మంచి ఫోటో తీయించి, అదే కొలతలో అచ్చు వేయించి తొట్టి మీద పెడదాం, అసలు చిత్రాన్ని సంఘం కార్యాలయంలో పొడిచోట ఉంచుదాం అని. యజమాని వెంటనే ఒప్పుకున్నారు. చిత్రకారిణి ఒప్పుకోలేదు. "అచ్చు పెడితే మళ్ళీ కేలండరే కదా సిక్గూ. నేను వేసింది వాళ్ళు చూడ్డానికి. బీరువాలో పెట్టడానికి అయితే వెయ్యకపోదును" అన్నారు. రాజమండ్రిలో రంగు అంచు చూసి వచ్చి ఇంత రాసిన నేను ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను. అయినా ఆమెతో నేను పూర్తిగా ఏకీభవించడం లేదు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ ఊరి పిల్లకు తొట్టి మీద చార మిగిలి, వీపులు మిగలకపోతే, ఎవరు చూసినట్టు?

ఆ చిత్రం ధర నూటఎనభై రింగిట్లు. పటం కట్టించడానికే నూటనలభై అయిందట. ఒక పెద్దమనిషి నూటయాభైకి ఇస్తారా అని అడిగారని విన్నాను. ఆయన మన సంఘ సభ్యులే. గోపురం చిత్రం రెండు అమ్ముడుపోయాయి, మూడోది వేస్తున్నారు, ఇంకా కొంచెం వంచమన్నారట. కొబ్బరి కొట్టు మాత్రం అలాగే ఉంది. పై నెల సంఘ సమావేశంలో దానిని అడిగిన ధరకు కొని, ఆమె ఉన్నంతకాలం ఆ తొట్టి మీదనే ఉంచాలనీ, ఈలోగా దాని ఫోటో తీయించి ఉంచాలనీ నేను ప్రతిపాదించబోతున్నాను. బలపరచేవారు కావాలి. అంతవరకు అటు వెళ్ళినవారు చేతులు కడుక్కున్నాక నీళ్ళు ఎదురు గోడ మీదికి విదిలించకుండా తువ్వాలుకు తుడుచుకోవలసిందని మనవి. తువ్వాలు కుడిచేతి వైపు మేకుకు ఉంది.